కాటన్లు ఎందరు? ఒక అరుదైన ఆంగ్ల ఇంటిపేరు మీద ప్రముఖుల జాబితా తయారుచేయడం ఎలా

తెలుగువాళ్లకు కాటన్ అంటే ఒక్కరే: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్. అయితే ఆ ఇంటిపేరుతో చరిత్రకెక్కినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఒకాయన 1904లో భారత జాతీయ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించాడు. ఒకాయన పేరుతో షిమ్లాలో, బెంగళూరులో పేరున్న స్కూళ్లు నడుస్తున్నాయి. ఇంకొకాయన 1948లో కరాచీ నుంచి విమానాల్లో నిజాంకు ఆయుధాలు చేరవేశాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థులు తరతరాలుగా చదువుతున్న లావుపాటి ఇనార్గానిక్ పుస్తకం రాసినాయన కూడా కాటనే.

ఇలాంటి పేర్లన్నీ ఒకచోట చేర్చి, ఎవరు ఎవరో తేల్చి, నమ్మదగిన జాబితాగా ఎలా పెట్టాలో ఈ వ్యాసంలో అడుగడుగునా చెబుతాను. ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా కాటన్ పేరునే తీసుకుంటున్నాను. పద్ధతి తెలిస్తే ఏ ఇంటిపేరుకైనా పనికొస్తుంది. తెలుగు వికీపీడియాలో అయోమయ నివృత్తి పేజీ (ఒకే పేరున్నవాళ్లను విడదీసి చూపే పేజీ) రాయాలనుకునేవాళ్లకు, స్థానిక చరిత్ర మీద పనిచేసేవాళ్లకు, పిల్లలతో ప్రాజెక్టు చేయించే టీచర్లకు ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఏ పేరు ఎంచుకోవాలి

స్మిత్, జోన్స్, బ్రౌన్ లాంటి పేర్ల జోలికి మొదటే వెళ్లకండి. సి.పి. బ్రౌన్ మీద అభిమానంతో బ్రౌన్ల జాబితా మొదలుపెడితే అది జీవితకాలం పని అవుతుంది. మరీ అరుదైన పేరు తీసుకున్నా లాభం లేదు. అందరూ ఒకే కుటుంబం వాళ్లయితే మీరు చేసేది వంశవృక్షమే తప్ప జాబితా కాదు. ఒక పాతికమంది ప్రముఖులు దొరికేలా, వాళ్లు వేర్వేరు కుటుంబాల నుంచి, వేర్వేరు రంగాల నుంచి వచ్చేలా ఉన్న పేరు మంచిది. కాటన్ సరిగ్గా అలాంటిది.

పేరు ఎంచుకున్నాక దాని పుట్టుక ఒకసారి చూడండి. సరదా కోసం కాదు, తర్వాత బంధుత్వాలు తేల్చేటప్పుడు అదే అక్కరకొస్తుంది. ఇంగ్లండ్‌లో చాలా ఇంటిపేర్లు ఊరి పేర్ల నుంచి వచ్చాయి. కాటన్ కూడా అంతే. దీనికి దూదితో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో గుడిసెల దగ్గర అనే అర్థం వచ్చే మాట నుంచి కాటన్, కోటన్ లాంటి ఊరి పేర్లు ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఏర్పడ్డాయి. చెషైర్, స్టఫర్డ్‌షైర్, సఫక్ కౌంటీల్లో ఆ పేరున్న ఊళ్లు ఉన్నాయి. ఊళ్లు వేరైతే, వాటి నుంచి పేరు తెచ్చుకున్న కుటుంబాలూ మొదటి నుంచే వేరు. మన దగ్గర ఒకే ఇంటిపేరున్న ఇద్దరు కలిస్తే, వెంటనే మీ గోత్రమేమిటి, ఏ ఊరు మీది అని అడిగి గానీ వరస కలుపుకోరు. ఇంగ్లీషువాళ్ల పేర్ల దగ్గరా ఆ జాగ్రత్తే పాటించాలి.

మొదటి అడుగు: హద్దులు గీసుకోండి

పేర్లు పోగుచేయడం మొదలుపెట్టకముందే మూడు విషయాలు కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

మొదటిది స్పెల్లింగ్. తెలుగు లిపిలో రాస్తే కొన్ని తేడాలు మాయమైపోతాయి. అమెరికన్ సినిమా నటుడు జోసెఫ్ కాటన్, ఫ్రైట్ ట్రెయిన్ పాటతో పేరుపొందిన గాయని ఎలిజబెత్ కాటన్ మన జాబితాలోకి సులువుగా దూరిపోతారు. వాళ్ల పేరు చివర ఓ, ఎన్ బదులు ఈ, ఎన్ అక్షరాలు ఉంటాయి. అది వేరే ఇంటిపేరు. వాళ్లను పూర్తిగా వదిలేయకుండా, చివర్లో స్పెల్లింగ్ తేడా ఉన్నవారు అనే శీర్షిక కింద పెడితే పాఠకుడికి మేలు.

రెండోది భాష. ఆర్గానిక్ కెమిస్ట్రీలో కాటన్ ఎఫెక్ట్ అని ఒకటి చదువుతారు. దాన్ని కనిపెట్టిన ఎమే కాటన్ ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త. ఆయన తమ్ముడు ఎమీల్ కాటన్ గణితవేత్త, జ్యామితిలో కాటన్ టెన్సర్ ఆయన పేరు మీదే ఉంది. ఎమే భార్య యూజెనీ కాటన్ కూడా శాస్త్రవేత్తే, అంతర్జాతీయ మహిళా ఉద్యమంలో పెద్ద నాయకురాలు. ముగ్గురూ ఘనులే. స్పెల్లింగ్ కూడా అక్షరం తేడా లేకుండా ఒకటే. కానీ అది ఫ్రెంచ్ ఇంటిపేరు, దాని దారి వేరు. ఆంగ్ల ఇంటిపేరు అని శీర్షిక పెట్టాక వీళ్లను అందులో కలపకూడదు. విడిగా ఒక వరస రాయండి. ఎందుకంటే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఎఫ్. ఆల్బర్ట్ కాటన్ పేరు తెలిసిన విద్యార్థి, కాటన్ ఎఫెక్ట్ కూడా ఆయనదే అనుకోవడానికి బాగా అవకాశం ఉంది.

మూడోది, ప్రముఖుడు అని ఎవరిని అనాలి? నేను పెట్టుకునే కొలత ఇది: ఆ మనిషి గురించి సొంత కుటుంబం, సొంత సంస్థ కాకుండా బయటివాళ్లు ఎవరైనా విడిగా రాసి ఉండాలి. జాతీయ స్థాయి జీవితచరిత్ర నిఘంటువులో వ్యాసమో, పార్లమెంటు చరిత్రలో పేరో, ఒక రంగం చరిత్రలో ఆయన చేసిన పని గురించి ప్రస్తావనో ఉండాలి. ఇంటర్నెట్‌లో ఎన్నిసార్లు కనిపించాడన్నది లెక్కలోకి రాదు. బతికున్న మామూలు మనుషులను మాత్రం అసలు చేర్చకండి.

రెండో అడుగు: పేర్లు పోగుచేయడం

కాటన్ అని ఇంగ్లీషులో వెతికితే ముందు చీరలు, టీషర్టులు, దూది ధరలు వస్తాయి. ఇంటిపేరు మామూలు మాట కూడా అయిన చోటల్లా ఈ ఇబ్బంది ఉంటుంది. మూడు చిట్కాలు బాగా పనిచేస్తాయి. పేరంతా కోట్‌ల మధ్య పెట్టి వెతకండి. రెండోది, ఇంటిపేరు ముందు, కామా పెట్టి సొంత పేరు తర్వాత రాసి వెతకండి. పాత పుస్తకాల ఇండెక్సుల్లో పేర్లు అచ్చంగా అలాగే ఉంటాయి కాబట్టి స్కాన్ చేసిన పుస్తకాలు బయటపడతాయి. మూడోది, పేరుకు హోదానో ఉద్యోగమో జతచేయండి. మద్రాస్ ఇంజినీర్స్, బెంగాల్ సివిల్ సర్వీస్, బిషప్, అడ్మిరల్ లాంటి మాటలు.

ఎక్కడ వెతకాలి? వికీపీడియాలో ఆ ఇంటిపేరు పేజీతో మొదలుపెట్టవచ్చు, కానీ అక్కడితో ఆగిపోతే మీరు చేసింది నకలు మాత్రమే. బ్రిటన్ జాతీయ జీవితచరిత్ర నిఘంటువు పాత సంపుటాలు 1885 నుంచి 1900 వరకు వచ్చాయి, ఉచితంగా చదవొచ్చు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఆ నిఘంటువులో చనిపోయినవాళ్లకే చోటు. కాటన్లు ఉన్న సంపుటం వచ్చేనాటికి ఆర్థర్ కాటన్ ఇంకా బతికే ఉన్నాడు. ఆయన పోయింది 1899 జులై 24న. అందుకే ఆయన కోసం 1901లో వచ్చిన అనుబంధ సంపుటం తెరవాలి. అసలు సంపుటంలో పేరు లేదని వదిలేస్తే మన కాటన్ దొరే జాబితాలో లేకుండా పోతాడు.

భారతదేశంలో పనిచేసినవాళ్ల కోసం బక్లండ్ 1906లో ప్రచురించిన భారతీయ జీవితచరిత్ర నిఘంటువు చూడండి. చిన్న చిన్న పేరాలే అయినా పేర్లు దొరుకుతాయి. ఆస్ట్రేలియాకు జాతీయ జీవితచరిత్ర నిఘంటువు ఉంది, ఆన్‌లైన్‌లో ఉచితం. బ్రిటిష్ పార్లమెంటు చరిత్ర సైటూ ఉచితమే. బ్రిటిష్ ఇండియాలో పుట్టిన, పెళ్లాడిన, పోయిన వాళ్ల వివరాలకు ఫిబిస్ అనే సంస్థ నడిపే డేటాబేస్ ఉంది. ఇంగ్లండ్ చర్చిలు 1538 నుంచి రిజిస్టర్లు రాయడం మొదలుపెట్టాయి. ప్రభుత్వం జనన మరణాల నమోదు మొదలుపెట్టింది 1837లో. అంతకు ముందు పుట్టినవాళ్లకు చాలాసార్లు బాప్తిస్మం తేదీ మాత్రమే దొరుకుతుంది. దాన్ని పుట్టిన తేదీగా రాసేయకండి.

మన ప్రాంతానికి పనికొచ్చే ఇంకో పుస్తకం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని యూరోపియన్ సమాధుల మీది రాతలన్నీ సేకరించి 1905లో అచ్చువేశారు. తెలుగు జిల్లాల సమాధులూ అందులో ఉన్నాయి. ఒక మనిషి ఎప్పుడు, ఎక్కడ, ఏ వయసులో పోయాడో తేల్చడానికి అంత మంచి సాధనం అరుదు. దాన్ని సంకలనం చేసిన ఐసీఎస్ అధికారి పేరు జూలియన్ జేమ్స్ కాటన్. మన జాబితాలో ఆయనకూ ఒక వరస ఇవ్వాలి.

ఈ దశలో ఏరివేతలు వద్దు. దొరికిన ప్రతి పేరూ, దొరికిన చోటుతో సహా రాసుకుంటూ పోండి.

మూడో అడుగు: ఒక్కొక్కరికి ఒక్కో కార్డు

అసలు పని ఇక్కడే ఉంది. ఎక్సెల్ షీటులోనైనా, నోటు పుస్తకంలోనైనా ఒక్కో మనిషికి ఈ వివరాలు నింపండి: మధ్య పేర్లతో సహా పూర్తి పేరు, పుట్టిన ఏడాది, ఊరు, పోయిన ఏడాది, తండ్రి పేరు, చేసిన పని, పనిచేసిన చోటు, దేనికి ప్రసిద్ధుడో ఒక్క ముక్క, ఈ సమాచారం ఎక్కడిది. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నంతవరకు ఆ మనిషిని ఎవరితోనూ కలపకండి. ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి.

ఎందుకంత పట్టుదల అంటే, హెన్రీ కాటన్ అనే పేరే తీసుకోండి. ప్రముఖులైన హెన్రీలు కనీసం ముగ్గురున్నారు.

ఒకాయన సర్ హెన్రీ జాన్ స్టెడ్‌మన్ కాటన్. 1845లో కుంభకోణంలో పుట్టాడు. బెంగాల్ సివిల్ సర్వీసులో చేరి, 1896 నుంచి 1902 వరకు అస్సాం చీఫ్ కమిషనర్‌గా చేశాడు. తేయాకు తోటల కూలీల వేతనం కోసం మాట్లాడి తెల్లదొరల కోపానికి గురయ్యాడు. భారతీయుల ఆకాంక్షలను సమర్థిస్తూ పుస్తకం రాశాడు. 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. 1906 నుంచి 1910 వరకు నాటింగమ్ ఈస్ట్ నుంచి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. పోయింది 1915లో.

రెండో సర్ హెన్రీ కాటన్ (1821–1892) లండన్‌లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి. మూడో హెన్రీ కాటన్ (1907–1987) గోల్ఫ్ ఆటగాడు, 1934, 1937, 1948లలో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఏడాది లేకుండా సర్ హెన్రీ కాటన్ అన్నాడు అని రాస్తే న్యాయమూర్తి మాట కాంగ్రెస్ అధ్యక్షుడి నోట్లో పెట్టినట్టవుతుంది.

కుంభకోణం సంగతి కూడా గమనించండి. ఆర్థర్ కాటన్ గోదావరికి రాకముందు కావేరి డెల్టాలోనే పనిచేశాడు. కొల్లిడం మీద ఆనకట్టలు 1836లో కట్టించాడు. 1845లో అదే డెల్టా పట్టణంలో ఒక కాటన్ పుట్టాడంటే ఆయన ఆర్థర్ కొడుకో, అన్న కొడుకో అయి ఉంటాడని ఎవరికైనా అనిపిస్తుంది. తండ్రి గడి చూస్తే అక్కడ ఉన్న పేరు జోసెఫ్ జాన్ కాటన్, మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. వాళ్ల వంశం వేరు. చోటు, కాలం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

ఇంతకంటే పెద్ద చిక్కు సిడ్నీల దగ్గర వస్తుంది. తెలుగులో ఇద్దరూ సిడ్నీ కాటనే, ఇద్దరికీ ఆస్ట్రేలియాతో సంబంధం ఉంది, ఇద్దరి చరిత్రా మన ఉపఖండంతో ముడిపడింది. మొదటాయన జనరల్ సర్ సిడ్నీ జాన్ కాటన్ (1792–1874), ఆర్థర్ కాటన్‌కు అన్న. క్వీన్స్‌లాండ్‌లోని మోర్టన్ బే ఖైదీల స్థావరానికి కొంతకాలం కమాండెంట్‌గా ఉన్నాడు. 1857 తిరుగుబాటు నాటికి పెషావర్‌లో సేనాధికారి. రెండో ఆయన ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ (1894–1969), క్వీన్స్‌లాండ్‌లో పుట్టిన వైమానికుడు. ఇంగ్లీషులో ఈయన పేరులో రెండో అక్షరం ఐ, జనరల్ పేరులో వై. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్లు చలికి గడ్డకట్టిపోకుండా సిడ్‌కాట్ అనే సూట్ తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు జర్మనీ మీదుగా విమానంలో వెళ్లి రహస్యంగా ఫోటోలు తీశాడు. బ్రిటిష్ వైమానిక దళం నిఘా ఫోటోగ్రఫీకి పునాది వేసినవాళ్లలో ఈయన ముఖ్యుడు.

1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్ సంస్థానం చుట్టూ రాకపోకలు కట్టడి చేసినప్పుడు, కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం సైన్యానికి ఆయుధాలు తెచ్చిపెట్టింది ఈ రెండో సిడ్నీ కాటనే. ఆ వ్యవహారంలో బ్రిటన్ కోర్టు ఆయనకు జరిమానా వేసింది. సెప్టెంబర్ 13న ఆపరేషన్ పోలో, అంటే హైదరాబాద్ మీద భారత సైనిక చర్య, మొదలై, 17న నిజాం లొంగిపోవడంతో ఆ అధ్యాయం ముగిసింది. తెలంగాణ చరిత్ర చదివేవాళ్లకు ఈ పేరు తగులుతుంది. గోదావరి కాటన్ దొరకు ఈయన మనవడనో మునిమనవడనో ఎవరైనా అంటే ఆధారం చూపించమనండి. ఆర్థర్ అన్న పేరు కూడా సిడ్నీయే కావడం ఆధారం కిందికి రాదు.

చార్లెస్‌లు కూడా ఇద్దరు దొరుకుతారు. ఒకరు 17వ శతాబ్దపు కవి. ఐజాక్ వాల్టన్ చేపల వేట మీద రాసిన పుస్తకానికి 1676లో రెండో భాగం రాసిచ్చాడు, ఫ్రెంచ్ రచయిత మాంటేన్ వ్యాసాలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇంకొకరు 1812లో పోయిన అడ్మిరల్. ఏడాదులు రాసిపెట్టుకుంటే వీళ్ల దగ్గర టెన్షన్ ఏమీ ఉండదు.

నాలుగో అడుగు: పేరు మారినవాళ్లు, పేరు వేరేచోట ఉన్నవాళ్లు

ఇంటిపేరు పట్టుకుని వెతికితే ఆడవాళ్లు జాబితా నుంచి జారిపోతారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోతుంది కదా. ఆర్థర్ కాటన్ కూతురు ఎలిజబెత్ రీడ్ కాటన్ 1842లో టాస్మేనియాలో పుట్టింది. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను పెళ్లాడి లేడీ హోప్ అయింది. అప్పటి నుంచి అన్నిచోట్లా ఆ పేరే. తండ్రి జీవితచరిత్ర 1900లో ప్రచురించింది కూడా ఆ పేరుతోనే. ఇలాంటివాళ్లను పుట్టింటి పేరుతో జాబితాలో చేర్చి, పక్కన ప్రసిద్ధమైన పేరు చెప్పాలి. పురుషుల కార్డుల్లో కూతుళ్లు అని ఒక గడి అదనంగా పెట్టుకుంటే ఇలాంటివారు దొరుకుతారు.

రెండో రకం, ఇంటిపేరు సొంత పేరుగా మారినవాళ్లు. జాన్ కాటన్ (1585–1652) ఇంగ్లండ్‌లోని బోస్టన్‌లో పాదిరి. 1633లో అమెరికా వెళ్లి మసాచుసెట్స్‌లోని బోస్టన్‌లో ప్యూరిటన్ మతానికి పెద్ద దిక్కయ్యాడు. ఆయన కూతురు మాదర్ల ఇంటి కోడలైంది. ఆమె కొడుక్కి తాతగారి ఇంటిపేరునే సొంత పేరుగా పెట్టారు. అలా వచ్చినవాడే కాటన్ మాదర్. ఈయన ఇంటిపేరు మాదర్. కాటన్ల జాబితాలో పెట్టకూడదు, జాన్ కాటన్ వరసలో మనవడిగా చెప్పాలి.

ఇక లార్డులు. బిరుదు వచ్చాక పుస్తకాలన్నీ ఆ బిరుదుతోనే పిలుస్తాయి. వైకౌంట్ కంబర్‌మియర్ అని కనిపించే సేనాపతి అసలు పేరు స్టేపుల్టన్ కాటన్ (1773–1865). 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు, స్పెయిన్ యుద్ధాల్లో అశ్వదళాన్ని నడిపాడు, 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పట్టుకున్నాడు. బిరుదులు పట్టికలో పెట్టుకోకపోతే ఇంత పెద్ద మనిషి కూడా తప్పిపోతాడు.

ఐదో అడుగు: బంధుత్వాలు తేల్చడం

కార్డులన్నీ బల్ల మీద పరిచి, తండ్రి పేర్లు కలిసిన చోటే గీత కలపండి. కాటన్ల విషయంలో భారతదేశంతో సంబంధం ఉన్న రెండు పెద్ద గుంపులు తేలతాయి.

మొదటిది చెషైర్‌లోని కంబర్‌మియర్ కుటుంబం. బారోనెట్ సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్ ఈ శాఖకు పెద్ద. ఆయన కొడుకుల్లో ఒకరు సర్ రాబర్ట్, ఆయన కొడుకే భరత్‌పూర్ స్టేపుల్టన్. ఇంకో కొడుకు హెన్రీ కాల్వెలీ కాటన్, ఆయన పదో కొడుకు మన ఆర్థర్. అంటే ఆర్థర్, స్టేపుల్టన్ అన్నదమ్ముల బిడ్డలు, వయసులో 30 ఏళ్ల తేడా. ఆర్థర్ అన్నదమ్ముల్లో పెషావర్ సిడ్నీ ఉన్నాడు, నౌకాదళంలో అడ్మిరల్ అయిన ఫ్రాన్సిస్ వేర్ ఉన్నాడు, ఆక్స్‌ఫర్డ్‌లో వూస్టర్ కాలేజీ అధిపతిగా దశాబ్దాలు ఉన్న రిచర్డ్ లించ్ ఉన్నాడు. తమ్ముడు ఫ్రెడరిక్ కానియర్స్ కూడా మద్రాస్ ఇంజినీర్స్‌లోనే పనిచేశాడు. ఇంజినీర్ కాటన్ అని పాత రికార్డులో కనిపిస్తే ఈ తమ్ముడు కూడా కావచ్చు, ముందు పేరు చూడండి.

రెండోది కెప్టెన్ జోసెఫ్ కాటన్ (1745–1825) కుటుంబం. ఈస్టిండియా కంపెనీ ఓడలు నడిపి తర్వాత కంపెనీ డైరెక్టరైన ఆయన కొడుకు విలియం కాటన్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్. బంగారు నాణేలను తనంతట తానే తూచే యంత్రం తయారుచేశాడు. విలియం కొడుకే న్యాయమూర్తి హెన్రీ. జోసెఫ్ ఇంకో కొడుకు జాన్ కూడా కంపెనీ డైరెక్టర్. జాన్ మనవడు కాంగ్రెస్ అధ్యక్షుడు హెన్రీ. ఆయన తమ్ముడు జేమ్స్ సదర్లాండ్ కాటన్ కూనూరులో పుట్టాడు, భారతదేశ వివరాలన్నీ చేర్చిన ఇంపీరియల్ గెజిటీర్ అనే గ్రంథమాల కోసం పనిచేశాడు. హెన్రీ కొడుకుల్లో ఎవాన్ కలకత్తా చరిత్ర రాశాడు, బెంగాల్ శాసనమండలికి అధ్యక్షుడయ్యాడు. ఇంకో కొడుకే సమాధుల పుస్తకం చేసిన జూలియన్. ఇలా చూస్తే ముగ్గురు హెన్రీల్లో ఇద్దరు ఒకే వంశం వాళ్లని తేలింది. గోల్ఫ్ హెన్రీ చెషైర్‌లోనే పుట్టినా కంబర్‌మియర్ గుంపులో పెట్టకండి. కౌంటీ ఒకటైతే చాలదు.

మధ్య పేర్లు మంచి ఆనవాళ్లు. లించ్, స్టేపుల్టన్, కాల్వెలీ, సాల్స్‌బరీ లాంటివి తల్లుల పుట్టింటి పేర్ల నుంచి, పూర్వీకుల నుంచి వచ్చి ఒక కుటుంబంలోనే తిరుగుతుంటాయి. కలకత్తా బిషప్ జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ (1813–1866) పేరులో లించ్ చూడగానే చెషైర్ వైపు వెతకాలనిపించాలి. ఆయన పుట్టింది చెస్టర్‌లోనే. అయినా ఆనవాలు ఎక్కడ వెతకాలో మాత్రమే చెబుతుంది. తండ్రి, తాత పేర్లు ఒక్కో మెట్టుగా రికార్డులో చూశాకే గీత కలపాలి.

మిగిలినవాళ్లను ఒంటరిగానే ఉంచండి. రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ కాటన్ (1930–2007) ఫిలడెల్ఫియాలో పుట్టిన అమెరికన్, జెఫ్రీ విల్కిన్సన్‌తో కలిసి రాసిన పుస్తకం 1962లో వచ్చింది. ఆయనకు ఏ గుంపూ అవసరం లేదు. జాబితా నిండుగా కనిపించాలని లేని చుట్టరికాలు అల్లడం చదివేవాళ్లకు చేసే అన్యాయం.

ఆరో అడుగు: పేరు పెట్టిన సంస్థలు ఎవరివో చూడండి

గువాహటిలోని కాటన్ విశ్వవిద్యాలయం 1901లో కాలేజీగా మొదలైంది. దాన్ని పెట్టించింది అస్సాం చీఫ్ కమిషనర్ హెన్రీ కాటన్. షిమ్లా బిషప్ కాటన్ స్కూలు 1859 నాటిది, బెంగళూరుది 1865 నాటిది, రెండూ కలకత్తా బిషప్ పేరు మీదివి. ఆ బిషప్ 1866లో కుష్టియా దగ్గర గొరాయ్ నదిలో పడి చనిపోయాడు. మన ధవళేశ్వరం బ్యారేజీ ఒక్కటే ఆర్థర్‌ది. అందులోనూ తేడా చెప్పాలి: ఆయన 1847 నుంచి 1852 వరకు కట్టించింది పాత ఆనకట్ట. ఇప్పుడు మనం బస్సులో దాటే సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ స్వాతంత్ర్యం వచ్చాక, 1982 నాటికి పూర్తయింది.

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో కాటన్ సేకరణ అని ఉంది. సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) పోగుచేసిన చేతిరాత ప్రతులవి. 1731లో జరిగిన అగ్నిప్రమాదంలో కొన్ని కాలిపోయాయి, బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యం ఏకైక ప్రతి అంచులు మాడి బతికింది. రోమన్ చక్రవర్తుల విగ్రహాలున్న బీరువాల్లో పెట్టేవాడు కాబట్టి ఆ ప్రతులను ఇప్పటికీ చక్రవర్తుల పేర్లతోనే గుర్తిస్తారు. ఒక్క మనిషి సేకరణ లేకపోతే పాత ఇంగ్లీషు సాహిత్యంలో ఎంత పోయేదో తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఈయన వరసలో రెండు వాక్యాలు ఎక్కువ రాసినా పరవాలేదు.

ఏడో అడుగు: కథలకు ఎంత చోటివ్వాలి

ప్రముఖుల చుట్టూ కథలు పేరుకుంటాయి. డార్విన్ చివరి రోజుల్లో పశ్చాత్తాపపడి మతంలోకి తిరిగొచ్చాడనే కథ 1915లో అమెరికాలో అచ్చయింది. చెప్పింది లేడీ హోప్, అంటే ఆర్థర్ కాటన్ కూతురే. డార్విన్ పిల్లలు దాన్ని ఖండించారు. జాబితాలో రాసేటప్పుడు ఆమె ఇలా చెప్పింది, డార్విన్ కుటుంబం కాదంది అని రెండూ రాయాలి. ఒకటి వదిలేస్తే తప్పు.

ఆర్థర్ విషయంలో జాగ్రత్త వేరే రకం. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ను కాటనుం తం భగీరథం అని తలచుకున్న తీరు, రైతులు ఇంట్లో పటం పెట్టుకునే గౌరవం నిజమైనవి, రాయదగినవి. అలాగని కట్టడమంతా ఒక్కడి చేతుల మీద జరిగినట్టు రాయకండి. గన్నవరం అక్విడక్టు (కాలువను దాటించే వంతెన) దగ్గర ఇంజినీరు హేగ్, కృష్ణ ఆనకట్ట దగ్గర ఇంజినీరు ఓర్, ధవళేశ్వరంలో కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న పేర్లు ఆ వరసలోనే రావాలి. వాళ్ల ఇంటిపేరు కాటన్ కాకపోయినా సరే.

ఎనిమిదో అడుగు: తెలుగులో రాయడం

ఒక్కో మనిషికి ఒకటి, రెండు వాక్యాలు చాలు. ముందు పూర్తి పేరు, తర్వాత ఏడాదులు, ఆ తర్వాత పని, చోటు. బిరుదు పేరులో భాగం కాదు కాబట్టి సర్ అన్నది అక్షర క్రమంలో లెక్కపెట్టకండి. ఇలా ఉంటే బాగుంటుంది:

కాటన్, ఆర్థర్ థామస్ (1803–1899): మద్రాస్ ఇంజినీర్స్ అధికారి, ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత. 1861లో సర్ బిరుదు. జనరల్ సిడ్నీ జాన్ తమ్ముడు.

కాటన్, ఫ్రెడరిక్ సిడ్నీ (1894–1969): ఆస్ట్రేలియా వైమానికుడు, నిఘా ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడు. 1948లో నిజాంకు ఆయుధాలు చేరవేశాడు. పెషావర్ జనరల్ సిడ్నీ వేరు.

ఆ చివరి వాక్యం లాంటి హెచ్చరిక, పేర్లు కలిసే ప్రతిచోటా రాయండి. చాలామంది పాఠకులు ఇలాంటి జాబితా తెరిచేది అందుకే. ఉచ్చారణకు మొదట్లోనే ఒక రూపం ఎంచుకుని చివరి దాకా దాన్నే వాడండి, కాటన్ అని ఒకచోట, కోటన్ అని ఇంకోచోట వద్దు. ఇంగ్లీషు స్పెల్లింగ్ తేడా ముఖ్యమైన చోట ఏ అక్షరం తేడానో తెలుగులో చెప్పేయండి. మొత్తం వరసను అక్షర క్రమంలో పెట్టాలా, కాలక్రమంలోనా అంటే, కాటన్ లాంటి పేరుకు కాలక్రమమే నాకు నచ్చుతుంది. రాబర్ట్ నుంచి సిడ్నీ దాకా నాలుగు శతాబ్దాలు వరసగా కనిపిస్తాయి, హెన్రీలు వాళ్లంతట వాళ్లే విడిపోతారు.

తేలనివాళ్ల పేర్లు పారేయకండి. వేరే కాగితం మీద, ఎక్కడ చూశారో రాసి ఉంచండి. రేపు ఇంకో రిజిస్టరు స్కాన్ అయి బయటికొస్తే ఆ తండ్రి పేరు గడి నిండుతుంది, అప్పుడు చేర్చుకోవచ్చు. జాబితా అడుగున చివరిసారి సరిచూసిన నెల, ఏడాది వేసి ఉంచండి.